నీళ్ళు దిగాక

వాన మొదలై వారం దాటింది. మా ఊళ్ళో కార్లూ బస్సులూ తిరగవు కాబట్టి వాన పడితే వాన చప్పుడే వినాలి. రాళ్ళ మీద పడేది ఒక రకం, కాలవల్లో పడేది ఒక రకం, ఎల్దా కిటికీ రేకు మీద పడేది ఇంకో రకం. ఎల్దా నా పైవాటాలో ఉంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. రేకు చప్పుడు తగ్గినప్పుడల్లా ఆవిడ చప్పుడు వినాలి.

వెనిస్‌కి కొత్తగా పెళ్ళయినవాళ్ళు వస్తారు, చేసుకోబోయేవాళ్ళు వస్తారు, చేసుకుని విసిగిపోయి ఇక్కడికొస్తే మళ్ళీ ఏమైనా చిగురిస్తుందేమోనని ఆశపడేవాళ్ళూ వస్తారు. వానలో వాళ్ళని చూడాలి. కాళ్ళకి రంగురంగుల ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, ఒకే గొడుగు కింద ఇద్దరు ఇరుక్కుని, తడిసి ముద్దయిన మ్యాపు పట్టుకుని మా సందుల్లో పోట్లాడుకుంటూ తిరుగుతారు. సందులో గొడుగులు ఎదురుపడితే పొడుగువాళ్ళు పైకెత్తాలి, పొట్టివాళ్ళు కిందికి వంచాలి అని వాళ్ళకెవరూ చెప్పరు. నా కళ్ళజోడు లేకపోతే ఈపాటికి ఒక కన్ను ప్రేమజంటల పాలయ్యేది.

నా పేరు నీవెస్ బల్లారిన్. అరవై దాటాయి. కస్తెల్లో పేటలో, కాలవ పక్క ఇంట్లో, కింది వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. మొగుడుండేవాడు. ఇరవై ఏళ్ళ కిందట త్రెవీజోలో చెప్పుల కొట్టున్నావిడతో వెళ్ళిపోయాడు. ఏడవాల్సినంత ఏడ్చాను. తర్వాత చూసుకుంటే ఒంటరిగా ఉండడం జనం అనుకున్నంత కష్టమేం కాదు. పడుకోవాలనిపించినప్పుడు పడుకోవచ్చు, దీపం ఎవరూ ఆర్పమనరు. కష్టమల్లా హోటళ్ళలోనే. "ఒక్కరేనా?" అంటాడు సర్వరు, ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు. అడిగి, తీసుకెళ్ళి మరుగుదొడ్డి తలుపు పక్కన కూర్చోబెడతాడు. కిటికీ పక్క బల్లలన్నీ జంటలకి. అందుకని ఇంట్లోనే వండుకుంటాను.

ఇదివరకు దుప్పట్ల కొట్లో పనిచేసేదాన్ని. ఇప్పుడు నా పని పెళ్ళిళ్ళకి సాక్షి సంతకం పెట్టడం. నవ్వకండి, నిజంగా పనే. దూరదేశాల నుంచి ఇద్దరే వచ్చి ఇక్కడ పెళ్ళి చేసుకుంటారు. వెనకా ముందూ ఎవరూ ఉండరు. చట్టానికేమో ఇద్దరు సాక్షులు కావాలి. పెళ్ళి ఏర్పాట్లు చూసే ఏజెన్సీ పిల్ల ఫోన్ చేస్తుంది. నీలం కోటు వేసుకుని రియాల్టో వంతెన పక్కనున్న పెళ్ళిళ్ళ హాలుకి వెళ్తాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు జన్మంతా కలిసుంటామంటే, అవును విన్నాను అని సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తాను. ఎంతమంది కలిసున్నారో నాకు తెలీదు. అది నా సంతకం కిందికి రాదు.

రెండో సాక్షి తుల్లియో. ఊరి స్టీమర్లు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. కన్నరేజో పేటలో మూడో అంతస్తులో ఉంటాడు. ఐదేళ్ళుగా ఇద్దరం పక్కపక్కన నిలబడి ఇతరుల పెళ్ళిళ్ళు చేయిస్తున్నాం. అమ్మగారూ అన్నట్టు నన్ను "సియోరా" అంటాడు, అయ్యగారూ అన్నట్టు నేనాయన్ని "సియోర్" అంటాను. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర లేదు. అవసరం పడలేదు. ఎప్పుడు రావాలో ఇద్దరికీ ఏజెన్సీ పిల్లే చెప్తుంది.

సలూటే పండగ ఇంకా మూడు రోజులుందనగా ఒక పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురు ఆలస్యం. హాలు కింద కమానులో నిలబడి కాలవలో పడుతున్న వాన చూస్తున్నాం. పడవలన్నీ టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి.

"సియోరా నీవెస్, పండక్కి చర్చికి ఎవరితో వెళ్తారు?" అన్నాడు తుల్లియో.

"నా కాళ్ళతో."

"అది కాదు. మనిషెవరైనా?"

"ఎల్దా వస్తానంటుంది. మనిషి కింద లెక్కేస్తే ఆవిడ ఉంది."

ఆయన నవ్వలేదు. టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నాతో రాకూడదూ?" అన్నాడు, కాలవకేసి చూస్తూ.

ఎప్పుడో తాతముత్తాతల కాలంలో మహమ్మారి పోయినందుకు మా ఊరు మొక్కుకున్న మొక్కు అది. ఏటా నవంబరులో పెద్ద కాలవకి అడ్డంగా తాత్కాలికంగా ఒక వంతెన వేస్తారు, పండగయ్యాక విప్పేస్తారు. ఊళ్ళోవాళ్ళంతా దాని మీద నడిచి సలూటే తల్లి చర్చికి వెళ్ళి, తమవాళ్ళు చల్లగా ఉండాలని కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి కుటుంబంతో వాళ్ళు వెళ్తారు. కొత్తగా ఒక మగా ఆడా కలిసి ఆ వంతెన దాటారంటే ఇక శుభలేఖలు అచ్చు వేయించక్కర్లేదు. ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"వాన పడకపోతే చూద్దాం," అన్నాను.

నవంబరులో, వెనిస్‌లో, వాన పడకపోతే! తుల్లియో తెలివితక్కువవాడు కాదు. అయినా కోపం తెచ్చుకోలేదు. "పడినా వంతెన ఉంటుందిగా," అన్నాడు.

భయమేసింది. ఆయన్ని చూసి కాదు. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్న ప్రాణం నాది, లేచి నిలబడమంటే భయం. కానీ అదే క్షణంలో సంతోషం కూడా వేసింది, అది ఇంకా పెద్ద భయం. అప్పుడే పెళ్ళికూతురు పడవ దిగింది. మోకాళ్ళ దాకా తడిసింది. మేం లోపలికి నడవాలి.

"సరే," అన్నాను మెట్లెక్కుతూ. "పొద్దున ముంపు వస్తుందంటున్నారు. నీళ్ళు దిగాక వస్తాను. వంతెన మొదట్లో, కొవ్వొత్తుల బళ్ళ దగ్గర."

"నీళ్ళు దిగాక," అన్నాడు.

గంటలూ నిమిషాలూ బయటివాళ్ళకి. నవంబరులో సముద్రం పోటెత్తి ఊళ్ళోకొస్తుంది, కొన్ని గంటలకి దిగిపోతుంది. మేం ఆ నీళ్ళని బట్టి కలుసుకుంటాం. డాక్టరు దగ్గరికైనా, దినానికైనా, నీళ్ళు దిగాక అంటే ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది. అర్థమవుతుందనే అనుకునేదాన్ని.

ఆ సాయంత్రమే మాంసం కొట్టుకి వెళ్ళాను. సలూటే పండక్కి పొగబెట్టిన గొర్రెమాంసం, క్యాబేజీ కలిపి మూడు రోజుల పాటు కాచే పులుసు ఒకటుంది. మొదటి రోజు ఉడికించాలి, రెండో రోజు నిద్రపుచ్చాలి, మూడో రోజు తినాలి. ఒంటరి మనిషి ఆ వంట జోలికి వెళ్ళదు. ఇరవై ఏళ్ళలో నేను వెళ్ళలేదు. కొట్టతను నన్ను చూసి, "ఎంతమందికి సియోరా?" అన్నాడు. "ఇద్దరికి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

పండగ రోజు ఇంకా తెల్లవారకముందే ముంపు సైరన్ మోగింది. లేచి, తొడల దాకా వచ్చే బూట్లు తొడుక్కుని, ఫ్రిజ్‌ని ఇటుకల మీదికి, కుర్చీల్ని బల్ల మీదికి ఎక్కించి, గుమ్మానికి ఇనుప పలక దించాను. పలక దారి పలకది, నీళ్ళ దారి నీళ్ళది. వంటింటి తూములోంచి వచ్చాయి. పులుసు గిన్నె మాత్రం అలమార మీద క్షేమంగా ఉంది. బల్ల మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, జుట్టు దువ్వుకున్నాను. ఇంట్లో మోకాలి లోతు సముద్రం పెట్టుకుని లిప్‌స్టిక్ వేసుకునే ఆడది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఉండదు.

నీళ్ళు దిగడం మొదలయ్యాక పని మొదలైంది. మిగిలింది ఎత్తిపోయాలి. బురద గీకాలి. ఉప్పు నేలనీ గోడనీ తినేస్తుంది కాబట్టి మంచినీళ్ళతో అంతా కడగాలి, ఒకసారి కాదు. పైనుంచి ఎల్దా తల బయటపెట్టింది.

"ఏమే నీవెస్, లిప్‌స్టిక్ వేసుకుని నేల కడుగుతున్నావేంటే?"

"చేపలు చూస్తాయని."

"చేపలకోసమేనా? అత్తరు వాసన నా దాకా వస్తోంది!"

"అయితే కిటికీ మూసుకో."

"మూసుకుంటే నువ్వెక్కడికెళ్తున్నావో నాకెలా తెలుస్తుంది?" అంది, ఏమాత్రం సిగ్గుపడకుండా.

నేను వెళ్ళేసరికి వంతెన దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. బెలూన్లు పట్టుకున్న పిల్లలు, వాళ్ళని ఈడ్చుకెళ్తున్న తల్లులు, అత్తగార్ల చేతులు పట్టుకున్న అల్లుళ్ళు, మరుగుతున్న నూనె వాసన, గొడుగుల మీంచి గొడుగుల మీదికి కారుతున్న నీళ్ళు. కొవ్వొత్తుల బండి ఆవిడ నన్ను చూసి అలవాటుగా అడిగింది.

"ఎన్ని కావాలమ్మా? ఇంట్లో ఎంతమంది?"

"ఇంకా తెలీదు," అన్నాను.

ఆవిడ నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పక్కవాళ్ళకి అమ్ముకుంది. నేను బండి పక్కనే నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. ఎర్ర గొడుగు వస్తే తుల్లియో గొడుగు నలుపు కదా అనుకున్నాను, నల్ల గొడుగు వస్తే ఆయనేననుకున్నాను, ఊళ్ళో సగం గొడుగులు నల్లవే. తెలిసినవాళ్ళు నలుగురైదుగురు పలకరించారు. "ఎవరికోసం నీవెస్?" అంటే "వాన తగ్గుతుందేమోనని," అన్నాను. వాన తగ్గలేదు, ఆయన రాలేదు. వంతెన ఎక్కకుండానే వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చి పులుసు వేడి చేసుకున్నాను. ఇద్దరికని వండితే ఎనిమిది మందికి సరిపోయేంత అయింది, ఆ వంట గుణమే అంత. ఒక గిన్నె తిన్నాను. బాగా కుదిరింది. అది మరీ ఏడిపించింది. నేను బాధపడ్డాను, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. చెప్పుల కొట్టావిడ రోజు కూడా ఇంత పడలేదు. అప్పుడు ఒకడు నన్ను వదిలేసి వెళ్ళాడు. ఇప్పుడు నేనే లేచి, జుట్టు దువ్వుకుని, ఎదురెళ్ళాను.

ఏజెన్సీ పిల్లని అడిగితే ఆయన నంబరు ఇచ్చేది. అడగలేదు. రానివాడు కదా చేయాలి ఫోను?

మర్నాడంతా పులుసే తిన్నాను. ఆ మర్నాడు ఏజెన్సీ పిల్ల ఫోన్ చేసింది. ఐర్లండు జంట, హాలు దగ్గరికి రమ్మంది. రానని చెబుదామనుకున్నాను. చెబితే నాకేదో అయిందని ఆయనకి తెలిసిపోతుంది. నీలం కోటు వేసుకుని వెళ్ళాను.

తుల్లియో అప్పటికే వచ్చి ఉన్నాడు. "బాగున్నారా సియోరా," అన్నాడు. "దివ్యంగా," అన్నాను. ఆయన ముక్కు ఎర్రగా ఉంది, నిమిషానికోసారి తుమ్ముతున్నాడు. ఓహో, జ్వరం వచ్చి రాలేదన్నమాట అనుకుని లోపల కొంచెం మెత్తబడ్డాను. కానీ ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పెళ్ళికూతురు జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉంది. వాళ్ళ దేశంలో వాన కొత్తేం కాదట. తడిసిన పెళ్ళికూతురు అదృష్టవంతురాలని మాకో సామెత ఉంది. అన్నీ సిద్ధం చేసుకున్నాక వాన ముంచేసిన పెళ్ళివారెవరో కల్పించి ఉంటారు. అధికారి చట్టం చదివాడు. ఒకరికొకరు అండగా ఉండాలి, ఒకే ఇంట ఉండాలి. ఐదేళ్ళుగా వింటున్న మాటలే. ఆ రోజు మాత్రం వినలేక కిటికీలోంచి బయటికి చూశాను. అధికారి రెండుసార్లు పిలిస్తే గానీ సంతకం పెట్టడానికి కదలలేదు.

జంట నవ్వుకుంటూ పడవెక్కి వెళ్ళిపోయింది. నేను గొడుగు తెరవబోతుంటే తుల్లియో కమానులో నా ముందుకొచ్చాడు.

"సియోరా, ఒక మాట. ఏజెన్సీ పిల్లకి చెప్పేశాను. వచ్చేవారం నుంచి నేను రాను. ఇంకెవరినైనా చూసుకోమన్నాను."

"ఏం, జలుబా?"

"జలుబు కాదు." ముక్కు తుడుచుకున్నాడు. "మీ పక్కన నిలబడి పరాయివాళ్ళ పెళ్ళిళ్ళకి సంతకాలు పెట్టడం ఇక నావల్ల కాదు. రావడం ఇష్టం లేదని ముందే చెప్పుంటే అయిపోయేది కదా. ఆ వానలో అంతసేపు నిలబెట్టి చెప్పాలా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు ఎవర్ని నిలబెట్టారు? కొవ్వొత్తుల బండి పక్కన దిష్టిబొమ్మలా నిలబడింది నేను! ఊరంతా చూసింది!"

"మీరా? మీరెక్కడున్నారు? నేను అక్కడే ఉన్నాను. ఆ బండావిడ జాలిపడి స్టూలు కూడా ఇచ్చింది!"

"నాకివ్వలేదు!"

"అయితే మీరు రాలేదు!"

"రాలేదా? ఈ కోటు ఇంకా ఆరలేదు, ముట్టుకుని చూడండి!"

మా గొంతులకి రేవులో నిలబడ్డ పర్యాటకుల జంట ఒకటి ఇటు తిరిగింది. ఆ అమ్మాయి మమ్మల్ని ఫోటో తీసింది. ఇంత వయసొచ్చినా వానలో ఎంత ప్రేమగా మాట్లాడుకుంటున్నారో అనుకుని ఉంటుంది.

"ఎప్పుడొచ్చారు మీరు?" అన్నాడు తుల్లియో.

"ఎప్పుడేంటి? అనుకున్నట్టే. నీళ్ళు దిగాక!"

"నేనూ నీళ్ళు దిగాకే వచ్చాను! మా రేవు రాళ్ళు బయటపడగానే బయల్దేరాను. తొమ్మిదిన్నరకల్లా అక్కడున్నాను."

"తొమ్మిదిన్నరకి నా మంచం కింద పీతలు తిరుగుతున్నాయి!"



"మీ ఇల్లు అంత పల్లంలోనా?" అన్నాడు తుల్లియో.

"పల్లంలోనే. అక్కడ దిగడమంటే ఊరికే దిగడం కాదు. ఎత్తిపోయాలి, బురద గీకాలి, మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. అప్పుడు నీళ్ళు దిగినట్టు. మూడో అంతస్తులో కూర్చుని కిటికీలోంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు తుల్లియో. పుట్టిన దగ్గర్నుంచీ వెనిస్‌లో ఉన్న మనిషి, ముప్ఫై ఏళ్ళు ఈ నీళ్ళ మీద స్టీమరు నడిపిన మనిషి! "మధ్యాహ్నం గంటలు కొట్టేదాకా ఉన్నాను. మీరు రారనుకున్నాను."

"గంటలు కొట్టినప్పుడు నేను ఇంటి దగ్గర చీపురు కడుగుతున్నాను."

ఇద్దరం నవ్వుతామనుకున్నాను. నవ్వు రాలేదు.  ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు. ఆ టోపీ అంచులు కూడా ఇంకా ఆరలేదు.

"చర్చిలోకి వెళ్ళారా?" అన్నాను.

"లేదు. మీరు?"

"లేదు. వంతెన ఇవాళ సాయంత్రం విప్పేస్తారు."

తుల్లియో తల బయటపెట్టి ఆకాశంకేసి చూశాడు. కాలవ అవతలి ఒడ్డు కనబడనంతగా కురుస్తోంది. "ఇప్పుడా? జోరుగా ఉంది సియోరా. బళ్ళు కూడా ఎత్తేసి ఉంటారు. మీరు తడుస్తారు. వచ్చే ఏడు ఎలాగూ వేస్తారు కదా," అన్నాడు. ఆయన గొంతులో భయం స్పష్టంగా వినబడింది. నాకు బాగా తెలిసిన భయమే అది.

"తుల్లియో," అన్నాను. సియోర్ అనలేదు. "వానలో ఒక్కదాన్నే నడవడం నాకు వచ్చు. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నాను, బాగానే నడుస్తున్నాను, ఇవాళ కూడా నడవగలను. ఇక ఇష్టం లేదు. అందుకే రమ్మని అడుగుతున్నాను."

ఆయన గొడుగు తెరిచాడు. ఒక్క మనిషి కోసం కొనుక్కున్న చిన్న గొడుగు అది. వంతెన చేరేలోపు ఇద్దరం తడిసిపోయాం.